నడుం నొప్పి సంగతి

ఆ రోజుల్లో తెనాలిలో వీధికొక ఫాస్ట్ బౌలరు ఉండేవాడు. మా వీధికి నేను. నేను వేసిన బంతి ఎటు పోతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు కాబట్టి నాకు వేగం ఉందని మా వీధివాళ్ళు నమ్మేవారు. నేనైతే బౌలింగు కన్నా సంతకం ఎక్కువ సాధన చేశాను. (మా నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన తెచ్చిన మందుచీటీల వెనకంతా నా ఆటోగ్రాఫులే ఉండేవి. అదే సంతకాన్ని ఇప్పుడు బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో, హాజరు పట్టీలో రోజూ పెడుతున్నాను.) ఇరవయ్యేళ్ళ వయసులో మనిషికి తన మీద ఉండే నమ్మకం తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. తరవాత కాసేపు ఏమీ తోచదు.

మాకు ఆట నేర్పింది మా మేనమామ. బడిలో డ్రిల్లు మాస్టారు. మితభాషి. నా బౌలింగు చూసి, "ఒరేయ్, అది తోలు బంతిరా, దానికి నీ మీద పగేం లేదు" అనేవాడు. ఒకరోజు ఆయన ఒక పొడుగోణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. బజార్లో దర్జీ కొడుకు, పదిహేడేళ్ళు. కాళ్ళు ఎంత తొందరగా పెరుగుతున్నాయంటే, వాళ్ళ నాన్న కొత్త ప్యాంటు కుట్టలేక పాతదానికే అడుగున వేరే గుడ్డ అతికేవాడు. అలా వాడి ప్యాంటుకి కింద మూడు రంగులు ఉండేవి. పొడుగోడు వేసిన మొదటి బంతి నాకు కనపడలేదు, వెనక వికెట్లుగా నిలబెట్టిన రేకు మోగడం మాత్రం వినపడింది. మామయ్య వెళ్ళి ఆ బంతి తనే తెచ్చిచ్చాడు. తరవాత మెల్లగా, "మళ్ళీ వెయ్యి" అన్నాడు. నాతో ఆయన ఆ మాట ఏనాడూ అనలేదు. నా భవిష్యత్తు ఆ నిమిషంలోనే తేలిపోయిందని అర్థం చేసుకోడానికి నాకింకో ఏడాది పట్టింది.

ఆ ఏడాది చివర జిల్లా జట్టుకి ఎంపికలు బాపట్లలో జరిగాయి. మామయ్య ఇద్దరికీ కలిపి ఒకే జత మేకుల బూట్లు కొన్నాడు, అదీ పొడుగోడి కొలతకి. వంతు ముందు నాది. దర్జీ కొట్లోంచి తెచ్చుకున్న గుడ్డపీలికలు బూట్లలో కుక్కుకుని పరిగెత్తాను. మూడో బంతికి చేతిలోంచి బంతి, కాల్లోంచి బూటు ఒకేసారి బయల్దేరాయి. బంతి ఎటో పోయింది. బూటు మాత్రం నేరుగా వికెట్ల మీదికే వెళ్ళింది. బ్యాట్స్‌మన్ బుద్ధిమంతుడు, బంతిని వదిలేసి బూటుని అడ్డుకున్నాడు. అంపైరు పెద్దాయన. నా దగ్గరికొచ్చి, "బాబూ, ఆ రెండిట్లో నువ్వేసింది ఏదో చెప్తే, వైడ్ ఇవ్వాలో వద్దో చూస్తాను" అన్నాడు. షామియానా కింద సెలెక్టర్లు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగా. అంతకన్నా దారి లేదు.

తరవాత అవే బూట్లతో పొడుగోడు వేశాడు. రెండో బంతికి మధ్య వికెట్టు రెండు ముక్కలైంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి నీళ్ళ కుళాయి దగ్గరికి వెళితే వాడు నడుం పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. "అన్నా, నడుం కింద పట్టేసింది. నెల నుంచీ ఇంతే" అన్నాడు. మామయ్యకి చెబుదామన్నాను. "వద్దన్నా. తెలిస్తే తీసేస్తారు. మా నాన్నకి కళ్ళు కనపడట్లేదు, సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలుస్తున్నాడు. ఇది పోతే నేనూ ఆ మిషను ముందే కూర్చోవాలి. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి." ఒట్టేశాను. నాన్న సంచిలోంచి నొప్పి బిళ్ళలు కూడా తెచ్చిచ్చాను. వాడి మీద ప్రేమతోనే దాచానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ లోపల ఒక మూల, ఎంత నొప్పొస్తే అంత రానీ అనుకున్న నేను కూడా ఉన్నాను.

వాడు జిల్లాకి ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, నాలుగేళ్ళకి దేశానికి ఆడాడు. ఆ రోజు దర్జీ కొట్టు ముందు టీవీ పెడితే బజారంతా అక్కడే ఉంది. వాళ్ళ నాన్నకి అప్పటికి చూపు దాదాపు పోయింది. పక్కనున్న నన్ను అడిగాడు, "ప్యాంటు సరిపోయిందా నాయనా వాడికి?" సరిపోయిందన్నాను. వాడు ఐదు మ్యాచులు ఆడాడు. ఆరోదాంట్లో పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఆగి, బాపట్లలో కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నాడు. టీవీలో మాట్లాడేవాళ్ళు ఏదో చిన్న ఇబ్బంది అన్నారు. చిన్నది కాదని ఆ రోజూ కొట్టు ముందు చేరిన గుంపులో నాకొక్కడికే తెలుసు. వెన్నులో ఎముక చిట్లిందనీ, అది చాలా పాతదనీ డాక్టర్లు తేల్చారు. వాడు మళ్ళీ బంతి పట్టుకోలేదు.

తరవాత వాడికి రేపల్లె స్టేషన్లో టికెట్లు చూసే ఉద్యోగం వచ్చింది. బాపట్లకీ రేపల్లెకీ ఎంత దూరమని? అయినా ఏళ్ళ తరబడి నేను ఆ ఊరి వైపు పోలేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే జ్వరం తెచ్చుకున్నాను. నిరుడు మామయ్య పోయాడు. అంత్యక్రియల్లో వాడు దూరంగా నిలబడ్డాడు, నేను ఇంకా దూరంగా నిలబడ్డాను. చివరికి పోయిన నెలలో తెనాలి వెళ్ళి రేపల్లె పాసింజరు ఎక్కాను. క్షమాపణ దారంతా వల్లించుకున్నాను.

వాడు గేటు దగ్గర నల్లకోటులో ఉన్నాడు, కొంచెం పక్కకి ఒరిగి. టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. నేను మొత్తం చెప్పాను, బిళ్ళల సంగతి, మనసులో ఆ మూల సంగతి కూడా. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్ళూ ఇది మోసుకుని తిరుగుతున్నావా అన్నా? మామయ్యకి నేనే చెప్పాను. బాపట్ల వెళ్ళకముందే."

"ఆయనేమన్నాడు?"

"నీ ఒళ్ళు నీది, వేస్తావో మానేస్తావో నువ్వే చెప్పరా అన్నాడు. వేస్తానన్నాను."

"మరి నా చేత ఒట్టెందుకు వేయించావు?"

"నువ్వెళ్ళి అడిగితే ఆయనకి ముందే తెలుసని బయటపడుతుంది కదా. మామయ్యని నువ్వు చెడ్డగా అనుకుంటావేమోనని." కాసేపు పట్టాల వైపు చూశాడు. "ఐదు మ్యాచులన్నా. నేను కోరుకుంది ఒక్కటే."

బండి వేళైందని వాడు లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవాల్సొచ్చింది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు. వాడు వెళ్ళాక ఇంకో టీ చెప్పి అక్కడే కూర్చున్నాను. గుండె తేలికైన మాట నిజమే. కానీ దాంతో పాటు ఒక సిగ్గులేని వెలితి కూడా వచ్చి పక్కన కూర్చుంది. మన దేశపు క్రికెట్టులో నా వంతుగా కనీసం ఒక తప్పైనా ఉందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అదీ నాది కాదట. అలా నమ్మిన వెర్రివాణ్ణి, నన్నే, తలుచుకుని కొంచెం నవ్వుకున్నాను. టీ కొట్టాయన, "ఏంటండీ సార్, నవ్వుతున్నారు?" అన్నాడు. ఏం లేదండి అన్నాను.