మూడుకాళ్ల ఆవు

గోడలకు సున్నం వేసి బతికిన తాత ప్రతి గురువారం ఉతికిన చొక్కా తొడుక్కుని, గురువు లేకుండా బొమ్మలు వేయడం నేర్చినవాళ్ల చిన్న మ్యూజియానికి వస్తాడు. తాను రేకు మీద వేసిన ఆవు ముందు చెప్పులు విడిచి నిలబడతాడు. ఆవుకు మూడు కాళ్లే. "నాలుగోదాన్ని మనసుతో చూడాలి," అని గైడు అందరికీ బోధిస్తాడు. "ఆ రోజు రంగు అయిపోయింది నాయనా," అంటాడు తాత. ఆ వినయానికి కూడా గైడు ముచ్చటపడతాడు.

తాత జేబులో కుంచె, చిన్న డబ్బాలో నల్లరంగు ఉంటాయని కాపలా అమ్మాయికి తెలుసు. మొన్న గది ఖాళీ అయ్యాక, "నా ఉద్యోగం పోతే పోయిందిలే తాతా. దాన్నెన్నాళ్లు కుంటిస్తావు? వేసేయ్," అని కిటికీ వైపు తిరిగింది. తాత మూత తీశాడు. ఆవు వంక, ఆమె యూనిఫాం వంక చూశాడు. "రంగు ఎండిపోయిందమ్మా," అని మూత బిగించి, బొటనవేలికి అంటిన తడిని ఉతికిన చొక్కాకే తుడుచుకున్నాడు.