కాఫీ ట్రేతో కోచ్ ముందుకి

ఎనభైల్లో మాట. డాలస్ దగ్గర హైస్కూల్లో పరుగుపందేల్లో నాకు మంచి పేరుండేది. స్కాలర్‌షిప్ ఇచ్చి నన్ను టీమ్‌లో చేర్చుకోవడానికి ఒక కాలేజీ కోచ్ మా ఇంటికొచ్చింది. అమ్మ నాకు పట్టుచీర కట్టించి, కాఫీ ట్రే చేతికిచ్చి పంపింది. అచ్చం పెళ్లిచూపులే! సిగ్గుతో చచ్చిపోయాను.

అది చాలదన్నట్టు నాన్న, "మా అమ్మాయి కాలు విరిగితే స్కాలర్‌షిప్ తీసేసి ఇంటికి పంపించేస్తారా?" అని అడిగేశారు.

ఆవిడ కప్పు కిందపెట్టింది. "పంపను. చదువు అయ్యేదాకా నాది పూచీ. ఇంతవరకూ నన్నెవరూ ఇలా అడగలేదు" అంది.

నా కాలికి ఏమీ కాలేదు. కానీ నాలుగేళ్లూ పడతానన్న భయం లేకుండా పరిగెత్తాను.

మీ ఇంటికి కోచ్ వస్తే పట్టుచీర అక్కర్లేదు. మా నాన్న ప్రశ్న మాత్రం మర్చిపోకండి.