ప్రాసెసర్ నెత్తిన గంధం బొట్టు

ఆ రోజుల్లో భిలాయిలో పెరిగిన మా అందరికీ యంత్రమంటే చప్పుడు చేసేదనీ, గ్రీజు కారేదనీ, మనిషికి చెమటలు పట్టించేదనీ గట్టి నమ్మకం. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఫిట్టరైన మా నాన్నకయితే మరీను. ఊళ్లోనే సుపేలా బజారులో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో నాకు తొలి ఉద్యోగం వచ్చినప్పుడు, "టీవీ ముందు కూకోడానికి జీతమేటే?" అని తేల్చేశాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మూతి ముడుచుకోవడం తప్ప నేను చేయగలిగింది మాత్రం ఏమీ లేకపోయింది.

యంత్రాలకూ పనిముట్లకూ బొట్టు పెట్టి మొక్కే విశ్వకర్మ పూజ వచ్చింది. సెంటర్ నడిపే భయ్యా (ఆయనా మా తెలుగువాడే, కాకపోతే తెలుగులో మొదలైన వాక్యం హిందీలో ముగిసేది) పూజ చేయడానికి, మిల్లులో ఏటా ఆ పూజ చేసే మా నాన్నను పిలవమన్నాడు. ఆ పొద్దున నేను శ్రద్ధగా కంప్యూటర్ పెట్టె విప్పి దుమ్ము దులిపాను. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ, అదే హీట్‌సింక్, తీసి, వేడిని దిమ్మకు అందించడానికి రెండింటి మధ్య రాసే తెల్ల పేస్టు ఎండిపోయి ఉంటే దాన్ని కూడా తుడిచిపారేశాను. కొత్త పేస్టు తేలేదని అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్న గంధం గిన్నెతో లోపలికొచ్చాడు.

"ఇదేటిది?" అన్నాడు ప్రాసెసర్‌ని చూపించి. నా పని గురించి ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది.

"దీని మెదడు నాన్నా. ఊరికే వేడెక్కిపోద్ది, చల్లగా ఉంచాలి."

"అయితే బొట్టు ఇక్కడే ఎట్టాల. గంధం సలవే గదేటే."

మిల్లు ఎంత అదిరినా బొట్టు రాలకూడదని నాన్న పూజగంధంలో తుమ్మజిగురు కలిపేవాడు. ఆ గంధాన్నే ప్రాసెసర్ నెత్తిన నిండుగా పట్టించి, కుంకుమ అద్ది, కళ్లు మూసుకుని దండం పెట్టాడు. మా నాన్న, నా కంప్యూటర్‌కి దండం! వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? (పైగా ఇదీ పేస్టే, అదీ పేస్టే అని నా చదువు వంతపాడింది.) హీట్‌సింక్ పెట్టి క్లిప్పు నొక్కేశాను.

వారం తిరక్కుండా కంప్యూటర్ వేడెక్కి తనంతట తనే ఆగిపోవడం మొదలుపెట్టింది. భయ్యా క్లాసు పిల్లలందరి ముందూ పెట్టె విప్పి హీట్‌సింక్ పట్టుకుని లాగాడు. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. టప్‌మంది. హీట్‌సింక్ చేతిలోకి వచ్చింది, దాని కింద అతుక్కుని ప్రాసెసర్ కూడా వచ్చేసింది, సూదుల్లాంటి కాళ్లన్నీ బయటపెట్టుకుని. దాన్ని బిగించి ఉంచే మీట ఎక్కడిదక్కడే ఉంది.

"యే లాల్ లాల్ క్యా హై?" అన్నాడు భయ్యా, ఈ ఎర్రెర్రనిదేంటని అంచున కనబడుతున్న కుంకుమను చూస్తూ. చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఇది పోయిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు, బెహన్," అన్నాడు నెమ్మదిగా. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

ఫోన్ చేస్తే నాన్న షిఫ్టు దిగి బూట్లతోనే వచ్చాడు. సంచిలోంచి సుత్తి తీస్తాడని నేను వణికిపోతుంటే, అమ్మ పూలు కట్టే దారం తీశాడు. "నా జిగురు నాకు తెల్దేటి? లాగితే రాదది, నానాల." వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టూ అద్ది, చాలాసేపు ఆగి, సందులో దారం పెట్టి రంపంలా అటూ ఇటూ ఆడించాడు. ప్రాసెసర్ మెల్లగా పక్కకు జారి ఊడింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "కాళ్లు నువ్వే సూసుకో, అది నీ పని," అన్నాడు.

వంగిన కాళ్లను సూదితో నిటారుగా నిలబెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టి, అసలు పేస్టు రాసి బిగించాను. తెర వెలిగింది. నమ్మలేక తెరను చేత్తో తడిమి చూశాను. నాన్న నా నుదుటి చెమటను కాసేపు చూసి, "ఇదీ మెసినే," అన్నాడు.

"అంకుల్, వచ్చే ఏడు కూడా రండి, లేకిన్ గోంద్ నహీ," అన్నాడు భయ్యా.

"జిగురు లేకుండా బొట్టు నిలబడుద్దేటి?" అన్నాడు నాన్న, నిజంగానే నొచ్చుకుని.

ఇప్పుడు నాన్న లేడు. ఏటా విశ్వకర్మ పూజకు నా ల్యాప్‌టాప్ మూత మీద నేనే గంధం బొట్టు పెడతాను, బుద్ధి తెచ్చుకున్న దానిలా జిగురు లేకుండా. మధ్యాహ్నానికల్లా అది రాలిపోతుంది.