బాపును చూడటానికి టికెట్

ఆ ఏడు హైదరాబాద్‌లోని ఒక మ్యూజియం వాళ్లు మా బాపును, అంటే మా నాన్నను, పదిహేను రోజులకు పిలిపించుకున్నారు. అక్కడ పల్లె ఇళ్లలాంటివి కట్టి, కుమ్మరులనూ నేతవాళ్లనూ కూర్చోబెట్టి, వాళ్లు పనిచేస్తుంటే జనానికి చూపించేవారు. సిరిసిల్లలో అప్పటికే మా వాడంతా పవర్‌లూమ్‌లకు మారింది. బాపు మాత్రం గుంటమగ్గం వదల్లేదు.

ఆయన వెళ్లిన వారానికి పోలీసులు ఇంటికొచ్చారు. మగవాళ్లు నాలుగు రోజులు కనబడకపోతే నక్సలైట్ల దళంలో కలిశారేమోనని ఆరా తీసే కాలమది. అవ్వ, అంటే మా అమ్మ, ఉన్న సంగతి చెప్పింది. వాళ్లలో పెద్దవాడు, జమేదారు, నమ్మలేదు.

"మగ్గం నేసుడు సూడనీకి టికెట్ గొంటరా? ఎవలకు జెప్తున్నవ్?" అన్నాడు. వారంలోగా బాపు అయినా రావాలి, అక్కడున్నట్టు కాగితమైనా తేవాలి అని చెప్పి వెళ్లాడు.

అవ్వకు చదువు రాదు. బోర్డులు చదవడానికి నన్ను వెంటబెట్టుకుని మర్నాడే బస్సెక్కింది. నాకప్పుడు పదకొండేళ్లు.

మేమూ టికెట్లు కొనుక్కునే లోపలికి వెళ్లాం. బాపు మగ్గం చుట్టూ తాడు కట్టి ఉంది. ఇంట్లో బనీను మీద నేసే మనిషి, ఇక్కడ తలకు తెల్లటి రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఆపాడు. అవ్వ తాడు ఎత్తబోతే కాపలా మనిషి అడ్డమొచ్చాడు.

"గాయన నా పెనిమిటి" అంది అవ్వ.

అతను పక్కకు జరిగాడు. అవ్వ లోపలికి వెళ్లి నూలు చుట్టిన కండెలు చూసింది. ఎవరు చుట్టారో, నూలు వదులు వదులుగా ఉంది. రాట్నం ముందు కూర్చుని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. జనం ఆమెనూ చూడసాగారు. కొంగు నెత్తి మీదికి లాక్కుందే కానీ, పని ఆపలేదు.

సాయంత్రం ఆఫీసులో కాగితం రాసి ముద్ర వేసిచ్చారు. మర్నాడు బాపు సెలవడిగి మమ్మల్ని జూకు తీసుకెళ్లాడు. పులి పడుకుని లేవలేదు. అవ్వ ఎలుగుబంటి దగ్గర ఆగింది. వీర్నపల్లి అడవిలో తునికాకు తెంపిన చిన్ననాడు దానికి భయపడని రోజు లేదట, కానీ కంటితో చూడటం అదే మొదటిసారి. అది పుచ్చకాయ ముక్కలు తింటోంది.

"గింతేనా ఇది?" అంది. అయినా అక్కణ్ణుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

అవ్వా నేనూ సిరిసిల్ల చేరగానే కాగితం స్టేషన్‌లో ఇచ్చాం. జమేదారు రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

మరుసటి ఏడు మ్యూజియం వాళ్లు ఉత్తరంలో బాపునూ అవ్వనూ ఇద్దరినీ రమ్మన్నారు. ఇద్దరూ వెళ్లారు. నేను బడి ఎగ్గొట్టి కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉన్నాను.