పిలుపు రాని ప్రధానమంత్రి

మా అత్తయ్య ఒంగోలులో హైస్కూలు పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరైంది. అమెరికాలో మా దగ్గరికి, ఈ కాపెల్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ చెప్పడం మాత్రం ఆపలేదు. మా అమ్మాయి ఈ ఏడు స్కూల్లో రకరకాల దేశాల ప్రభుత్వాల గురించి చదువుతోందని తెలిసిన రోజు ఆవిడ మొహం వెలిగిపోయింది. పోపు గరిట చేత్తో పట్టుకునే, "బ్రిటన్ మొదలుపెట్టారా?" అంటూ పిల్ల వెంటపడింది.

మామయ్య పోయాక ఆవిడ అంత హుషారుగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టుకుని మరీ విన్నాను.

"ప్రధానమంత్రిని ఎవరు ఎన్నుకుంటారు?" అంది అత్తయ్య.

"పీపుల్," అంది మా అమ్మాయి.

"తప్పు. జనం వాళ్ళ ఊరి మెంబర్నే ఎన్నుకుంటారు. సభలో ఎక్కువమంది ఎవరి వెనక ఉన్నారో ఆ మనిషిని రాజుగారు పిలిచి, ప్రభుత్వం ఏర్పాటు చేస్తారా అని అడుగుతారు. అప్పుడే ప్రధానమంత్రి."

"బట్ అందరికీ తెలుసు కదా నానమ్మా, ఎవరో. న్యూస్‌లో ముందే చెప్పేస్తారు."

"తెలిసినా సరే. పిలవకుండా ఎవరూ వెళ్ళరు."

ఆ మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. పిల్లకు తెలియలేదు గానీ నాకు చురుక్కుమంది.

మా చుట్టుపక్కల ఆడవాళ్ళం శుక్రవారాలు ఒకరింట్లో చేరి పారాయణం చేసుకుంటాం. మొదలుపెట్టింది అత్తయ్యే. ఆవిడను ఆ పనికి ఎవరూ నియమించలేదు. ఎక్కడ ఆపాలో, ఎవరు తప్పు చదివారో, ప్రసాదం ఎవరు తేవాలో ఆవిడే చూసుకునేది. ఎవరో వేళాకోళానికి 'ప్రైమ్ మినిస్టర్ గారు' అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. వేసవిలో సగం మంది ఇండియా వెళ్తారు కాబట్టి ఆపేసి, శ్రావణమాసం మొదటి శుక్రవారం పూజతో మళ్ళీ మొదలుపెడతాం. ఆ పూజ ఎవరింట్లో అయితే ఆవిడ ముందుగా మా ఇంటికొచ్చి, అత్తయ్యకు బొట్టు పెట్టి పిలిచి, ఆ తర్వాతే మిగతావాళ్ళ దగ్గరికి వెళ్తుంది. అది మాకు అలవాటు.

పోయినేడాది మామయ్య పోయిన మైలలో ఉన్నాం, వెళ్ళలేదు. ఈ ఏడు సంవత్సరీకాలూ అయిపోయాయి. పూజ నాలుగు రోజుల్లోకి వచ్చినా మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టి పిలవడమా అని అందరికీ సందేహం, పైకి అనడానికి మొహమాటం. గ్రూప్‌లో మాత్రం 'అందరూ రావాలి' అని తామర పువ్వు బొమ్మతో ఒక మెసేజ్ వచ్చింది.

"వెళ్దామా అత్తయ్యా?" అంటే, "మోకాళ్ళు నొప్పులే" అంది. అవే మోకాళ్ళతో పొద్దున కాలనీ అంతా చుట్టొచ్చింది. ఫ్రీవే మీద అంతంత స్పీడులో కార్లు నడిపే ఆడవాళ్ళందరికీ కుంకుమ భరిణె దగ్గరికొచ్చేసరికి చేతులు ఆడకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటంతా ఇంట్లోనే వెళ్ళగక్కాను. మా అమ్మాయి వింటూనే ఉంది.

మర్నాడు మళ్ళీ పాఠం.

"ఈ రూల్స్ అన్నీ ఏ లాలో రాశారు నానమ్మా?"

"ప్రధానమంత్రి పదవిని ఏ చట్టమూ పుట్టించలేదే. వాడుకలో వచ్చింది. మొదట్లో ఆ పేరుతో పిలిస్తే ఎగతాళి కింద లెక్క. పాతాయన వెళ్ళి రాజుగారికి రాజీనామా చెప్పడం, కొత్తాయన్ని పిలవడం, అన్నీ అలవాట్లే."

"అలవాటు అయితే చేంజ్ చేయొచ్చా?"

"బోలెడు మార్చుకున్నారు. ఒకప్పుడు ప్రభువుల సభలో వాళ్ళు కూడా ప్రధానమంత్రులయ్యేవాళ్ళు. కూడదని చట్టమేమీ చెయ్యలేదు. మానేశారంతే."

"మరి నీకు బొట్టు పెట్టి పిలవకూడదు అని ఎక్కడ రాశారు?"

అత్తయ్య పొయ్యి మీద పాలున్నాయంటూ లేచి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

ఇక ఆగలేక, ఈసారి పూజ చేస్తున్న కరీంనగర్ అమ్మాయికి ఫోన్ చేశాను. నాకంటే చిన్నది, పోయినేడాది అత్తయ్య బదులు పారాయణం నడిపిందీ తనే. నాలుగు దులిపేద్దామనే చేశాను.

"అక్కా, రెండు మూడుసార్లు మీ గల్లీ దాక వచ్చి మళ్లిపోయిన," అంది. "బొట్టు పెడితె ఆంటీ బాధపడ్తరేమో. పెట్టకుండ పిలిస్తె ఇంకా బాధపడ్తరేమో. నాకేం సమజైతలేదు. ఆంటీ లేకుంటె నాతోని అయితలేదక్కా, అందరం ఎక్కడికక్కడ ఆగిపోతున్నం."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కనే ఉన్న మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "ఆంటీ, ఫస్ట్ పాత పీఎం వెళ్ళి రిజైన్ చేయాలి. అంటే మీరే. తర్వాత నానమ్మని పిలవాలి."

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని వచ్చింది. అత్తయ్య హాల్లో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. కుంకుమ భరిణె చూసి, "మా కోడలికి పెట్టమ్మా, నాకెందుకు" అంది.

"మీకు పెట్టనిదే ఇంకెవలకు పెట్టను ఆంటీ. ముందుగాల మీకే."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురే పంపిన్రు. బయట కార్ల కూసున్నరు."

కిటికీలోంచి చూశాను. డ్రైవ్‌వేలో మినీవ్యాన్ నిండా పట్టుచీరలు, అన్ని మొహాలూ మా తలుపు వైపే. నాకు ఏడుపు ఆగలేదు. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. ఆ అమ్మాయి పొట్టిది, అందుకని కాస్త వంగింది. బొట్టు పెట్టించుకున్నాక చాలాసేపు తల ఎత్తలేదు.

"ఎన్నింటికి రమ్మంటావమ్మా?" అంది చివరికి. ఇన్నేళ్ళూ మా అందరికీ ఆ టైం చెప్పింది ఆవిడే.

"మీరు చెప్పుండ్రి ఆంటీ."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "ఆరింటికి," అంది. "ముందు వాళ్ళందర్నీ లోపలికి రమ్మను. బయట ఇంకా ఎండ మండిపోతోంది."