అమ్మ విన్న లిజనింగ్ టెస్టు

విదేశంలో నర్సు ఉద్యోగం కోసం ఆ ఏడాది ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్నాను. లిజనింగ్ అంటే నాకు భయం. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు, వింటూనే జవాబులు రాయాలి. అందుకే డ్యూటీ నుంచి రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని.

అమ్మ ఇరవై ఏళ్లకు పైగా వరంగల్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసింది. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, "రోజూ గదేం ఇంటానవ్ బిడ్డా? నాకు గూడ జర ఇనిపియ్యి" అంది.

నవ్వుతూ ఆమె చెవుల్లో పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచాను. అమ్మ ఓపిగ్గా కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"ఎప్పుడు సురువైతది బిడ్డా?"

అప్పటికి రికార్డింగ్ సగం అయిపోయింది.

మర్నాడు హన్మకొండలో డాక్టరుకు చూపించాను. మగ్గాల చప్పుడుకు వినికిడి చాలావరకు పోయి ఏళ్లయి ఉంటుందన్నాడు. ఇన్నాళ్లూ మా పెదవులు చూసే మాటలు పోల్చుకుందట.

"చెప్తే మీరు ఫికర్ వడ్తరని చెప్పలే" అంది అమ్మ.

వెనక నుంచి పిలిస్తే పలకడం లేదని ఆమెను ఎన్నిసార్లు కసురుకున్నానో!

పరీక్షలో లిజనింగ్‌లోనే నాకు ఎక్కువ మార్కులు వచ్చాయి. అది అమ్మతో చెప్పడానికి నోరు రాలేదు. పాసయ్యానని మాత్రం చెప్పాను.