పొడుగుచెవుల కోతి

జపాన్ కొండల్లోని మా ఒకుబె ఊళ్ళో సుగియె మామ్మకి ఒకటే పిచ్చి. ఉచ్చుల వేట లైసెన్సు పరీక్షకి ఏటా వెళ్ళడం, ఏటా తప్పడం. తప్పడమంటే ఏడుపు మొహంతో కాదు, పండగలా తప్పేది. పెళ్ళికి వెళ్తున్నట్టు ఇస్త్రీ బట్టలేసుకుని, అన్నం ముద్దలు మూట కట్టుకుని పొద్దుటి బస్సెక్కేది. సాయంత్రం దిగుతూనే "పోయిందిరోయ్!" అని కేక పెట్టేది. లాటరీ తగిలినవాళ్ళు కూడా అంత హుషారుగా అరవరు. పదకొండేళ్ళలో పదకొండు సార్లు ఆ కేక విన్నాం.

మామ్మది ఊరికున్న ఒకే ఒక్క సెలూన్. అద్దం చుట్టూ సినిమా తారలుండాల్సిన చోట జంతువుల బొమ్మలున్న అట్టలు గుచ్చి ఉండేవి. పరీక్షలో ఇలాంటివే చూపిస్తారు. ఒక్కో బొమ్మకి అయిదు సెకన్లు. అదేమిటో, దాన్ని వేటాడొచ్చో కూడదో చెప్పాలి. పరీక్షలో అయితే తప్పితే మార్కు పోతుంది. మామ్మ కుర్చీలో తప్పితే పీక పోతుందేమో అనిపించేది, ఎందుకంటే కత్తి గొంతు మీద ఆనించాకే ఆవిడ అట్ట తీసేది.

"ఏదిది?"

"తనుకి."

"వేటాడొచ్చా?"

"వేటాడొచ్చు."

"సరిగ్గా చూడరా కెన్సకు. కళ్ళ నలుపు చెంపల మీదికి పాకిందా, నిలువు చారలా దిగిందా? రెండు... మూడు..."

"నిలువుగా... అయ్యో, అనగుమ!"

"అయిదు దాటింది. తనుకి కుక్కజాతి, అనగుమ బొరియలు తవ్వేది. అయినా అనగుమనీ వేటాడొచ్చులే. తల వంచు."

"ఇన్ని తెలిసినదానివి అక్కడికెళ్ళి ఎలా తప్పుతావే మామ్మా?"

"ఆ గదిలో గాలి పడదురా. అడుగు పెట్టానా, కుందేలూ కోతీ ఒకేలా కనిపిస్తాయి."

నాకు నవ్వు రాలేదు. ఆ గాలి సంగతి నాకూ తెలుసు. కాలేజీలో రెండో ఏడు పరీక్ష రాస్తూ రాస్తూ చేతులు చల్లబడి, తెల్ల కాగితం బల్ల మీద వదిలేసి బయటికి నడిచాను. మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. ఊళ్ళో మాత్రం చదువు బోరు కొట్టిందని చెప్పాను. అందరూ నమ్మారు. నన్ను చూస్తే నమ్మడం కష్టమేం కాదు.

అసలు చిక్కు ఆ వేసవిలో వచ్చిపడింది. రెండేళ్ళ క్రితం దాకా మా పొలాల్లో ఉచ్చులు పెట్టేది నాన్న. మోకాళ్ళు పోయి కొండెక్కలేక లైసెన్సు వదిలేశాడు. అప్పట్నుంచి అడవిపందులు మా వరి మడుల్లో పడి పొర్లుతున్నాయి. పంది పొర్లిన మడిలో బియ్యానికి ఆ కంపు పట్టుకుంటుంది, ఎవడూ కొనడు. మిగిలిన వేటగాళ్ళకి ఎవరి కొండ వాళ్ళకే సరిపోతోంది.

"ఈ కోతకి ముందు ఎవరైనా ఉచ్చు పెడితే సరి. లేకపోతే వచ్చే ఏడు మడులన్నీ గడ్డికి వదిలేస్తాను," అన్నాడు నాన్న, టీవీ చూస్తూ. టీవీ ఆపేసి ఉంది.

ఆ ఎవరైనా నేనే. జూలైలో పరీక్ష. తప్పితే మళ్ళీ పై ఏడే.

జుట్టు కత్తిరించుకుంటూ ఈ మాట ఊరికే అన్నట్టు అన్నాను. మామ్మ కత్తెర ఆగింది.

"మెడ వెనక చెమట పట్టిందేం?"

"ఎండ."

"ఫ్యాను నీ మీదే తిరుగుతోంది. మొహం అబద్ధమాడుతుంది గానీ, మెడ ఆడదురా. సరే, నీ దరఖాస్తు ఇటు పడెయ్. నాదాంతో కలిపి పోస్టు చేస్తా."

ముందు డాక్టరు కాగితం కావాలి. మత్తుమందులు లేవు, మతి సరిగ్గా ఉంది అని రాసివ్వాలి. ఇద్దరం ఎనొకి డాక్టరు దగ్గర కూర్చున్నాం. నా కాగితం అర నిమిషంలో అయిపోయింది. మామ్మది చేతిలో పట్టుకుని ఆయన తల గోక్కున్నాడు.

"పదకొండు సార్లు తప్పి పన్నెండోసారి వెళ్తున్నారు. మతి సరిగ్గా ఉందని నేనెలా రాయనండీ?"

"పిచ్చిదైతే పదకొండుసార్లూ పాసైపోయాననుకునేది కదండీ."

డాక్టరు సంతకం పెట్టాడు.

పరీక్ష రోజు బస్సులో మామ్మ మూడు ముద్దలు తింది. నేను మూడు సార్లు దిగిపోదామనుకున్నాను. రాతపరీక్ష ముప్పై ప్రశ్నలు. ఒక్కోదానికి మూడు జవాబులు, అందులోంచి ఏరుకోవాలి. బొటాబొటిగా గట్టెక్కాను. గోడ మీద నంబర్లూ మార్కులూ అంటించారు. నాకు ఇరవై రెండు. నా ముందు నంబరు మామ్మది. ముప్పైకి ముప్పై. నా గుండె చప్పుడులో ఆ సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు. తర్వాత కళ్ళు చూశారు, చెవులు చూశారు, గుంజీళ్ళు తీయించారు. డెబ్భై ఒక్కేళ్ళ మామ్మ అడిగినదానికంటే రెండు ఎక్కువే తీసింది.

ఆ తర్వాత బొమ్మల గది. అధికారి ముందు ఒక కుర్చీ, ఆ వెనకే తర్వాతి నంబరువాడికి ఇంకో కుర్చీ. వెనక కుర్చీలో కూర్చోగానే నా చేతులు చల్లబడ్డాయి. అదే చలి. తలుపు ఎటు ఉందో చూసుకున్నాను. పదడుగులు. లేచి నిలబడబోయాను.

అధికారి మొదటి అట్ట ఎత్తాడు. పెద్ద అడవిపంది.

"మా ఆయన!" అంది మామ్మ.

"ఏమిటండీ?"

"పోయి తొమ్మిదేళ్ళయింది. నిద్రలో అచ్చం ఇలాగే ఉండేవాడు. వేటాడకూడదు బాబూ, మంచి మనిషి."

నా వెనక గోడవారన నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో అట్ట, కుందేలు.

"కోతి."

"చెవులు చూడండమ్మా."

"చూశాను. పొడుగుచెవుల కోతి."

కుందేలూ! అని నా లోపల ఎవడో అరిచాడు. వేటాడొచ్చు! మూడో అట్ట కొండల్లో తిరిగే కామొషిక, మేకలా ఉంటుంది, దాన్ని ముట్టుకుంటే జైలే. మామ్మ "దీన్ని ముల్లంగితో ఉడికిస్తే బావుంటుంది" అంది. కూడదూ, కూడదూ! అన్నాడు లోపలివాడు. ఆవిడ ఒక్కో తప్పు చెబుతున్నకొద్దీ వాడి గొంతు పెరిగింది. పదో బొమ్మకి తెలిసింది, వాడు నేనే. అప్పటికి గదంతా పగలబడి నవ్వుతోంది, అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నేనూ నవ్వుతున్నాను. నా చేతులు వెచ్చగా ఉన్నాయి.

ఉచ్చు కట్టి చూపించమంటే, మామ్మ ఎంతో శ్రద్ధగా కట్టి, అందులో తన కాలే పెట్టింది. ఇద్దరు గుమాస్తాలు కలిసి విడిపించారు. పోతూ పోతూ నా భుజం తట్టి, "పోయిందిరా కెన్సకు. ఇంతకంటే ఘోరంగా నువ్వు చేయలేవు. పో," అంది.

నిజమే. చేయలేకపోయాను. పాసయ్యాను.

ఊరి వేటగాళ్ళ సంఘం వాళ్ళు షెడ్డులో నా పేరు మీద పంది మాంసం, మిసో అనే సోయా ముద్ద వేసి పులుసు కాచారు. ఏటా కొత్తగా పాసైనవాడికి ఇది ఆనవాయితీ. ఏటా తప్పినందుకు మామ్మని ఓదార్చడం కూడా ఆనవాయితీయే. ఆవిడ మూడో గిన్నె ఖాళీ చేసి, ఉల్లికాడలు కోసుకొస్తానని బయటికి వెళ్ళింది. ఆ గోడ మీది మార్కులు అప్పుడు వెలిగాయి నా బుర్రలో.

"కురహషి మామా," అన్నాను సంఘం పెద్దతో, "పొద్దున రాతపరీక్షలో మామ్మకి ముప్పైకి ముప్పై. అదే మేడ, అదే గాలి. మధ్యాహ్నానికి కుందేలు కోతెలా అయింది?"

కురహషి మామ గరిటె పులుసులోనే వదిలేశాడు.

"నా గురించి నీకెవడు చెప్పాడ్రా?"

"నీ గురించా? నేను నా గురించి చెబుతున్నాను. తలుపు వైపు చూసుకుంటూ కూర్చున్నా. ఆవిడే గనక నా ముందు లేకపోతే..."

"నీ దరఖాస్తు ఎవరు పోస్టు చేశారు?" పోస్టాఫీసు హమనాక గొంతు సవరించుకున్నాడు.

"మామ్మే."

"పోస్టాఫీసులో పనిచేసేవాణ్ణి, నాదీ ఆవిడే పోస్టు చేసింది. కలిపి పంపితే నంబర్లు పక్కపక్కనే పడతాయి. అప్పుడు నాకు అనుమానం రాలేదు చూడు."

"నాకు పందిని చూపిస్తే వాళ్ళాయన అంది," అన్నారెవరో మూల నుంచి.

"నాకూ అదే," అన్నారింకొకరు. "ఆయన అప్పటికి బతికే ఉన్నాడు. బయట బస్సు దగ్గర మా కోసం కాచుకుని ఉన్నాడు."

షెడ్డులో పదకొండు మంది వేటగాళ్ళు. కొండల్లో పందికి ఎదురెళ్ళే మొగాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒక్కొక్కరూ వేలు ముడుస్తున్నారు. మామ్మ పదకొండుసార్లు తప్పింది, సంఘంలో పదకొండు మందున్నారు. నాతో పన్నెండూ పన్నెండూ. తనొక్కడే కాగితం చూసి వణికాడనుకుని, పరువు పోతుందని ఇన్నేళ్ళూ ప్రతివాడూ నోరు కుట్టుకున్నాడు. ఉచ్చుల్లో చెయ్యి తిరిగినవాళ్ళం, ఒకే ఉచ్చులో పన్నెండు మందిమి పడ్డాం. ఒక్కడికీ తాడు కనిపించలేదు.

తలుపు తెరుచుకుంది. ఉల్లికాడలు పట్టుకుని మామ్మ.

"ఏంటర్రా, ఆ మొహాలు? పంది లేచి గిన్నెలోంచి వెళ్ళిపోయిందా?"

కురహషి మామ గరిటె వెతుక్కుంటూ, "ఏం లేదు. నువ్వేం దిగులు పెట్టుకోకు. వచ్చే ఏడు తప్పకుండా పాసవుతావు," అన్నాడు.

"ఆఁ, ఎందుకవను?" అంటూ ఆవిడ నాలుగో గిన్నె నింపుకుంది.

ఆగస్టు చివర్లో లైసెన్సు వచ్చింది, ఊరి కార్యాలయం అనుమతీ వచ్చింది. మా మడి గట్టున పెట్టిన మూడో ఉచ్చులో మొదటి పంది పడింది. ఆ ఏడు మా బియ్యానికి బియ్యం వాసనే వచ్చింది. నాన్న టీవీ పెట్టి మరీ చూశాడు.

ఆ పంది వెనక తొడ ఆకులో చుట్టి మామ్మ సెలూన్‌కి తీసుకెళ్ళాను. కుర్చీలో బస్సు నడిపే షినొహర ఉన్నాడు. ఈమధ్య ముల్లంగి తోట పాడైపోతోందని ఊరికే అన్నట్టు అంటున్నాడు. ఫ్యాను అతని మీదే తిరుగుతోంది. మామ్మ అతని మెడ వెనక్కి చూసి, అద్దంలో నాకేసి చూసి, ఒక అట్ట తీసింది.

"కెన్సకూ, ఇదేంటో ఇతనికి చెప్పు."

చక్కటి కుందేలు.

"పొడుగుచెవుల కోతి," అన్నాను.

"విన్నావా షినొహరా? లైసెన్సున్నవాడు," అంది మామ్మ. "నీ దరఖాస్తు ఇటు పడెయ్."